కొండగుర్తు అంటే ఎత్తుగానే ఉండాలా?

మా నాయనమ్మకు చదువు రాదు. దారి చెప్పడంలో మాత్రం ఆమెను మించినవాళ్ళను నేను చూడలేదు. "రావిచెట్టు దాటినాక వాగు తగులుద్ది. వాగు దిగి ఎక్కితే కుడిచేతి పక్క బోడిగుట్ట అగపడుద్ది. గుట్టను వీపుకు పెట్టుకొని నడువు, మీ అత్తోళ్ళ ఊరు అదే వస్తది." ఆ మాటల్లో ఒక్క బోర్డు లేదు, ఒక్క సెంటరు పేరు లేదు. పొదిలి చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో పెరిగిన పాతవాళ్ళకి నేల అట్లా నోటికి వచ్చి ఉంటుంది. దీనికి తెలుగులో మంచి మాట ఉంది: కొండగుర్తు.

నేను ఆర్కిటెక్టుని. ఇళ్ళకీ, స్కూళ్ళకీ, ఫంక్షన్ హాళ్ళకీ ప్లాన్లు గీస్తూ పదమూడేళ్ళు గడిచాయి. కాస్త డబ్బున్నవాళ్ళు గానీ, ఊరి తరఫున వచ్చేవాళ్ళు గానీ నా దగ్గర కూర్చోగానే అనే మొదటి మాట ఒకటే. "ల్యాండ్‌మార్క్‌లా ఉండాలండీ." అంటే ఎట్లా అని అడిగితే చెయ్యి పైకెత్తి చూపిస్తారు. ఎత్తుగా ఉండాలి, హైవే మీద పోయే కారులోంచి కనబడాలి, ఫొటో తీస్తే ఫ్రేము నిండాలి. ఆ చెయ్యి పైకి లేచిన ప్రతిసారీ నాకు మనసులో ఏదో కలుక్కుమంటుంది. ఎందుకో వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ఎత్తైన కట్టడాలంటే నాకు చిన్నచూపు లేదు. నెల్లూరులో పెన్న ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురాన్ని ఏటి అవతలి గట్టు నుంచి తెల్లవారుజామున చూసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. అయితే ఆ గోపురానికి సగం అందం ఏరు ఇచ్చింది. ముందు అంత వెడల్పు ఇసుక, నీళ్ళు, ఖాళీ ఆకాశం ఉన్నాయి కాబట్టే దాని ఎత్తు కంటికి ఆనుతుంది. ఉదయగిరి కోట సంగతీ అంతే. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకునే ముందు అక్కడ నెలల తరబడి ముట్టడి వేయాల్సి వచ్చింది. సైన్యాన్ని అన్నాళ్ళు నిలబెట్టింది గోడలు ఎంతో, కొండ కూడా అంతే. కొండ విడిచిపెట్టిన సందుల్ని మాత్రమే కట్టినవాళ్ళు గోడలతో పూడ్చారు. పని ఎక్కువ భాగం నేల చేసింది, మిగిలింది మనిషి చేశాడు. మంచి కట్టడం గురించి నాకు తెలిసినదంతా ఈ లెక్కలోనే ఉంది. కానీ ఈ లెక్క నాకు కాలేజీలో వంటపట్టలేదు.

చివరి ఏడాది ప్రాజెక్టుకి నేను తీసుకున్న అంశం ఒంగోలులో జిల్లా సాంస్కృతిక కేంద్రం. ఒంగోలు అనగానే గిత్త. గిత్త అనగానే మూపురం, కొమ్ములు. మూపురంలా వంపు తిరిగిన పెద్ద హాలు, దాని మీద రెండు కొమ్ముల్లా 40 మీటర్ల జంట టవర్లు, పడమటి వైపంతా అద్దాల గోడ. మోడల్ చెయ్యడానికి నాలుగు రాత్రులు నిద్ర లేదు. వైవాకి, అంటే నోటి పరీక్షకి, బయటి ఊరి నుంచి వచ్చిన పెద్దాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, కుర్చీ లాక్కుని కూర్చుని నెమ్మదిగా అడిగాడు. "మే నెలలో మీ ఊళ్ళో గాలి ఎటునుంచి కొడుతుంది బాబూ?"

నాకు తెలుసు. తెలియకేం, ఇరవై రెండేళ్ళు ఆ గాలి తిన్నవాణ్ణి. మధ్యాహ్నం పడమటి నుంచి వడగాలి, పొద్దు వాలాక తూర్పు నుంచి సముద్రపు గాలి. నడవాలో మంచం తూర్పు వాకిలి దగ్గరికి లాగేది అందుకే. అదే చెప్పాను. "మరి అద్దాల గోడ పడమటికి ఎందుకు పెట్టావు?" అన్నాడు. రోడ్డు అటు ఉంది కాబట్టి పెట్టాను. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు. "మీ ఊళ్ళో ముసురు ఏ నెలలో పడుతుంది?" అని మళ్ళీ అడిగాడు. అక్టోబరు, నవంబరు, తుఫాన్ల కాలం. "ఆ గాలికి ఈ కొమ్ములు ఏమవుతాయి?" ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. మార్కులు బాగానే వేశాడు. నా ఒంటికి తెలిసిన ఊరు నా చేతికి తెలియలేదని మాత్రం ఆ రోజు అర్థమైంది. ఆ అవమానం కంటే పెద్ద పాఠం నాకు ఇంకొకటి దొరకలేదు.

ఆ ఎండాకాలం మా నాయనతో కంభం వెళ్ళాను. ఎవరో చుట్టాల పెళ్ళి. మధ్యాహ్నం భోజనాలయ్యాక చెరువు చూద్దాం రమ్మన్నాడు. కట్ట ఎక్కాం. ఎక్కాక ఒక నిమిషం పాటు నాకు కట్ట కనబడలేదు, నీళ్ళే కనబడ్డాయి. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి కిందికి వచ్చే దారిలో రెండు కొండలు దగ్గరికి వచ్చే ఇరుకు ఒకటి ఉంది. సరిగ్గా ఆ ఇరుకులో కట్ట వేశారు. ఎత్తు 57 అడుగులు. ఈ రోజుల లెక్కలో ఐదారు అంతస్తుల అపార్ట్‌మెంటు. దాని వెనక నిలిచే నీళ్ళు మాత్రం నిండిన ఏడాది ఏడు కిలోమీటర్ల పొడవున పరుచుకుంటాయి. గజపతుల ఆడపడుచు, రాయలవారి రాణి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఆ సంగతి ఒంగోలులోనే చాలామందికి తెలియదు.

ఇంత చిన్న కట్ట అంత పెద్ద చెరువును ఎట్లా నిలబెట్టిందని నాయన్ని అడిగాను. ఆయన కొండల వైపు చెయ్యి చూపించాడు. "కట్టింది ఏముందిరా, ఈ రెండు కొండలకీ చేతులు కలిపారు, అంతే."

ఆ మాట నేను తర్వాత చాలా పుస్తకాల్లో, చాలా పొడవాటి వాక్యాల్లో చదివాను. ఇంత చిన్నగా ఎక్కడా చదవలేదు. కంభం చెరువు కట్ట దూరం నుంచి కనబడదు, ఆకాశాన్ని తాకదు, ఫొటోలో ఇమడదు. అయినా మా వైపు దాన్ని మించిన కొండగుర్తు లేదు. నేల ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగింది. ఎంత ఎత్తు చాలంటే అంత ఎత్తే లేచింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ రోజుకీ పొలాలకి నీళ్ళిస్తోంది.

వారసత్వం అనే మాట వాడేటప్పుడు మేం, అంటే నా వృత్తిలో ఉన్నవాళ్ళం, ఒక తప్పు తరచూ చేస్తాం. వారసత్వాన్ని ఆకారంగా చూస్తాం. బౌద్ధం అనగానే సిమెంటు డోము మీద ధర్మచక్రం, శైవం అనగానే ఫైబరు నంది, పశుసంపద అనగానే ఫైబరు గిత్త. అదే గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో చిన్న కొండ మీద శాతవాహనుల నాటి మహాస్తూపం ఉంది. 1970లలో తవ్వి బయటికి తీశారు. అక్కడికి వెళితే కంటికి మొదట తగిలేది స్తూపం ఆకారం కాదు, చోటు. ఏటికి దగ్గర, వరదకి దూరం. ఎక్కడానికి అలుపు రాని ఎత్తు, నాలుగు దిక్కులా చూపు. బాటసారులు, వర్తకులు, భిక్షువులు ఏటి వెంట నడిచిన కాలంలో ఆ కొండ ఎంతమందికి దారి చెప్పి ఉంటుందో! ఆ చోటు ఎంచుకున్న తెలివే మనకు వారసత్వంగా వచ్చింది. డోము కాపీ కొట్టి హైవే పక్కన పెడితే ఆ తెలివి అందులోకి రాదు.

సీఎస్ పురం మండలంలోని భైరవకోనకు వెళితే ఇదే మాట రెండో రకంగా అర్థమవుతుంది. అక్కడ ఎవరూ ఏమీ కట్టలేదు. కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు చేశారు. పక్కనే జలపాతం. వాన కురిసిన వారం వెళితే నీటి హోరులో పక్కవాడి మాట వినబడదు. గుడి అంటే రాయి మీద రాయి పేర్చడమే అనుకునేవాడికి, రాయిని తీసేస్తే కూడా గుడి అవుతుందని ఆ కోన చెబుతుంది. తీసేయడం ద్వారా కట్టడం. ఈ మాటను కాస్త గుర్తుంచుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా నాయన చీమకుర్తి దగ్గర క్వారీలో 18 ఏళ్ళు టిప్పర్ తోలాడు. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద 20 కిలోమీటర్ల పైచిలుకు పోతే చీమకుర్తి వస్తుంది. చీమకుర్తి, రామతీర్థం ప్రాంతంలో దొరికే నల్లరాయిని లోకమంతా బ్లాక్ గెలాక్సీ అంటుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు చల్లినట్టు ఉంటుంది. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులు. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి. చైనాకి, ఇటలీకి, ఇంకా ఎక్కడెక్కడికో బ్లాకులుగా, పలకలుగా వెళుతుంది. నేనెప్పుడూ చూడని దేశాల వంటింటి గట్ల మీద మా నేల ఉంది.

మా వైపు నుంచి ఇట్లా వెళ్ళడం కొత్త కాదు. మా గిత్తలు 19వ శతాబ్దంలో ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే అక్కడ ఆ జాతి పేరు నెలోర్ అయింది. ఇవాళ ఆ దేశపు పశువుల్లో పెద్ద వాటా దానిదే. ఇక చందవరంలో దొంగలు ఎత్తుకుపోయిన ఒక శిల్పఫలకం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాకా పోయి, 2016లో తిరిగి మన దేశానికి వచ్చింది. గిత్త వెళ్ళిపోయింది, రాయి వెళ్ళిపోతోంది, బుద్ధుడి ముందు చేతులు జోడించిన భక్తులు ఒకరిద్దరు మాత్రం వెనక్కి వచ్చారు. మా దగ్గర మిగిలింది గుంట.

ఆ గుంటను మీరు చూడాలి. రోడ్డు మీద నుంచి కనబడేవి డంపులు. తీసిన రాయిలో అమ్మకానికి పనికొచ్చేది కొంతే. పగులు ఉన్నది, చుక్క పలచబడినది, మూల విరిగినది అంతా పక్కకు పోస్తారు. అట్లా పోసీ పోసీ గుట్టలు లేచాయి. తెలియనివాళ్ళు వాటిని కొండలే అనుకుంటారు. వాటి వెనకాల నేల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. మెట్లు మెట్లుగా కోసిన నల్లటి గోడలు. ఒక్కో మెట్టు, అంటే బెంచీ, రెండు మూడు నిలువుల ఎత్తు. వైర్ సాతో, అంటే తీగ రంపంతో, కోసిన చోట గోడ నున్నగా అద్దంలా ఉంటుంది. డ్రిల్లుతో చీల్చిన చోట వరసగా అర బెజ్జాలు, దువ్వెన పళ్ళ గుర్తుల్లా. పాత గుళ్ళ దగ్గర రాళ్ళు చీల్చిన బండల మీద కూడా వరస బెజ్జాలు ఉంటాయి. వెయ్యేళ్ళ తేడా, అదే పని, అదే గుర్తు. అట్టడుగున వాన నీళ్ళు నిలిచి ఆకుపచ్చగా ఉంటాయి. చిన్నప్పుడు నాయనకి క్యారియర్ తీసుకెళ్ళినప్పుడు ఆ అంచున నిలబడి చూసేవాణ్ణి. నాకు అది ఎప్పుడూ భయంగా, గొప్పగా అనిపించేది. గాలిగోపురం కింద నిలబడితే అనిపించేదే, కాకపోతే తలకిందులుగా.

మా జిల్లాకి కొత్తగా ఒక కొండగుర్తు కట్టాలంటే పని ముగిసిన ఇలాంటి క్వారీ గుంట ఒకదానిలో కట్టాలి. పైకి కాకుండా కిందికి. మన మెట్ట ఊళ్ళలో దిగుడుబావి ఎట్లా ఉంటుందో అట్లా. ఈ వ్యాసం రాస్తున్నది ఈ ఒక్క మాట చెప్పడానికే.

ఇది నా పిచ్చి ఊహ కాదు. పోర్చుగల్‌లోని బ్రాగా ఊళ్ళో ఎడువార్డో సౌతో డి మౌరా అనే ఆర్కిటెక్టు పాత రాతి క్వారీలో ఫుట్‌బాల్ స్టేడియం కట్టాడు, 2003లో. ప్రేక్షకుల గ్యాలరీలు రెండు పక్కలే ఉంటాయి. ఒక గోలు వెనక గోడ ఉండాల్సిన చోట కొండను కోసిన రాతి ముఖాన్ని అట్లాగే వదిలేశాడు. అహ్మదాబాదు సబర్మతి ఆశ్రమంలో చార్లెస్ కొరియా 1963లో కట్టిన గాంధీ సంగ్రహాలయం గుంట కాదు గానీ, అణకువ నేర్చుకోవాలంటే అక్కడే నేర్చుకోవాలి. 6 మీటర్ల చదరపు గదులు, పెంకు కప్పు, కిటికీలకు గాజు బదులు చెక్క రెక్కలు. పక్కనున్న గాంధీగారి కుటీరం కంటే తల పైకెత్తదు.

అన్నిటికన్నా నాకు దగ్గరగా తోచేది వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకం. 1981లో పోటీ పెడితే 1,400 పైచిలుకు నమూనాలు వచ్చాయి. గెలిచింది 21 ఏళ్ళ విద్యార్థిని మాయా లిన్ పంపినది. నేలను కోసి, లోపలికి వాలుగా దిగే రెండు నల్లరాతి గోడలు. వాటి మీద 58,000కు పైగా పేర్లు. స్మారకం అంటే తెల్లగా, ఎత్తుగా ఉండాలనుకున్నవాళ్ళు దాన్ని నల్లటి గాయమని తిట్టారు. 1982లో తెరిచాక అదే గోడ ముందు జనం చేతులు ఆనించి ఏడ్చారు. నున్నటి నల్లరాయిలో పేర్ల వెనకాల చూసేవాళ్ళ ముఖమే కనబడుతుంది. ఆ రాయి మన దక్షిణాది నుంచే, బెంగళూరు వైపు నుంచి వెళ్ళింది. నల్లరాయి ఏం చేయగలదో వాళ్ళు మన రాతితోనే చేసి చూపించారు. మనం దాన్ని బ్యాంకు కౌంటర్లకీ, లిఫ్టు గుమ్మాలకీ అతికిస్తున్నాం.

రెండేళ్ళ కిందట ఒక ఊరి కమిటీ నన్ను పిలిచింది. ఏ ఊరో రాయను. ఊరి మొదట్లో ల్యాండ్‌మార్క్ కావాలన్నారు. నేను మూడు నెలలు తిరిగి, గుంట కొలతలు తీసుకుని, డ్రాయింగులు వేసుకుని వెళ్ళాను. ఓపికగానే విన్నారు, టీ ఇచ్చారు. చివర్లో ఒక పెద్దమనిషి, "మంచి ఊహేనయ్యా, కానీ గుంట చూపించి ఊరి గురించి ఏం గొప్ప చెప్పుకుంటాం?" అన్నాడు. తర్వాత వేరేవాళ్ళ చేత ఆర్చి కట్టించారు. సిమెంటు స్తంభాలు, వాటి మీద వేలెడు మందం కూడా లేని గెలాక్సీ పలకలు సిమెంటుతో అతికించారు. ఎండకి నల్లరాయి కాగి సాగుతుంది, వెనకున్న కాంక్రీటు అంత సాగదు. ఒక వేసవి, ఒక తుఫాను దాటేసరికి రెండు పలకలు ఊడి కింద పడ్డాయి. అదృష్టం, ఆ వేళకి కింద ఎవరూ లేరు. నాకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది. కోట్లాది ఏళ్ళు భూమిలో చెక్కుచెదరని రాయి మన చేతిలో ఏడాది నిలవలేదు.

ఆయన అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. గుంటలో ఏముంది గొప్ప? అందుకే గుంటలో నేను ఏం చేయాలనుకుంటున్నానో రాస్తాను.

దారి కొత్తగా వేయనక్కర్లేదు. టిప్పర్లు ఎక్కి దిగిన ర్యాంపు ఉంది, అదే దారి. కాకపోతే చక్రాల కుర్చీ పోవాలంటే పన్నెండు అడుగుల నడకకి ఒక అడుగు కంటే ఎక్కువ దిగకూడదు. కాబట్టి ర్యాంపును సాగదీసి, మలుపులు పెంచాలి. ర్యాంపు నోరు తూర్పుకు ఉన్న గుంటనే ఎంచుకోవాలి. గుంటల్లో మధ్యాహ్నం గాలి స్తంభించి ఉడుకుతుంది. తూర్పున గండి ఉంటే పొద్దు వాలాక సముద్రపు గాలి లోపలికి దిగుతుంది. వైవాలో చెప్పలేని జవాబు ఇన్నేళ్ళకి ఇక్కడ రాసుకుంటున్నాను.

దారికి అటూ ఇటూ గోడలు డంపుల్లోని రాళ్ళతోనే పేర్చాలి. సిమెంటు వద్దు. పొలం గట్ల మీద రాళ్ళ కట్టు పేర్చినట్టు, బరువు మీద బరువు. మూల విరిగిన బ్లాకు, చుక్క తప్పిన బ్లాకు, ఎవరూ కొనని బ్లాకు. బెజ్జాల గుర్తులు బయటికి కనబడేట్టు పెట్టాలి. పాలిష్ ఒకే చోట ఉండాలి, చెయ్యి ఆనే చోట. నేల మీద పాలిష్ రాయి వేస్తే వానకి జారుతుంది, ఎండకి అరికాలు బొబ్బలెక్కుతుంది. మే నెలలో గుడి ప్రదక్షిణలో చెప్పులు లేకుండా పరిగెత్తినవాళ్ళకి నేను చెప్పేదేముంది.

నీడ గురించి నేను మొదట పొరబడ్డాను. లోతైన గుంట కదా, గోడల నీడే చాలుననుకున్నాను. లెక్క వేస్తే అర్థమైంది. చీమకుర్తి ఉన్న అక్షాంశం దగ్గర మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఉదయం, సాయంత్రం గోడలు నీడనిస్తాయి. నడిమధ్యాహ్నం మాత్రం గుంట అడుగు దాకా ఎండ నిలువునా దిగుతుంది. మన ఊళ్ళకి దీనికి మందు ఎప్పుడో తెలుసు. శ్రీరామనవమికి వేసే చలువ పందిరి. రాతి గోడల్లో గుంజలకి చోట్లు వదిలిపెట్టి, ఏటా చైత్రంలో తాటాకుతో పందిరి వేసి, తుఫాన్ల కాలానికి ముందే విప్పేయాలి. శాశ్వతమైన కప్పు లేదు కాబట్టి తుఫాను గాలి ఎగరేసుకు పోవడానికీ ఏమీ ఉండదు. పైగా ఏటా ఆకు కొట్టేవాళ్ళకీ, పందిరి అల్లేవాళ్ళకీ పని ఉంటుంది. చేతిపని బతికితేనే వారసత్వం బతికినట్టని నా నమ్మకం. పందిరి అల్లడం మరిచిపోయిన ఊరికి పందిరి బొమ్మ పెట్టి లాభం లేదు.

అట్టడుగున నీళ్ళు. వాటిని తోడకుండా వదిలేయాలి. నవంబరులో పైకి వస్తాయి, మేలో కిందికి దిగుతాయి. ఒక పక్క గోడ పొడవునా మనుషులు దిగగలిగే మెట్లు కట్టి, ఒక్కో మెట్టు మీద అంకె చెక్కాలి. ఏ ఏడు నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో అక్కడ ఆ సంవత్సరం చెక్కాలి. మా పడమటి మండలాల్లో వాన అంటే జాతకం. బోర్లలో ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిన ఊళ్ళు ఉన్న జిల్లా ఇది. మాకు విజయస్తంభం కంటే వాన లెక్క చెప్పే మెట్లు ముఖ్యం. యాభై ఏళ్ళ తర్వాత ఒక పిల్ల ఆ మెట్లు దిగుతూ, ఈ ఏడు ఇంత దిగువకి పోయాయా, ఈ ఏడు ఇంత పైకి వచ్చాయా అని చదువుకుంటుంది.

భైరవకోనలోలాగా గోడల్లోకి గదులు తొలవాలని నాకు బలమైన కోరిక ఉండేది. వదులుకున్నాను. అక్కడ ఉలితో తొలిచారు. క్వారీలో పేలుళ్ళు జరిగాయి. బయటికి కనబడని పగుళ్ళు ఎంత లోపలికి ఉన్నాయో కొలవకుండా ఏ గోడ కిందా మనిషిని కూర్చోబెట్టకూడదు. వదులు రాళ్ళు రాల్చి, అవసరమైన చోట బోల్టులు దిగేసి, గోడ పాదానికి మనుషులు పోకుండా దూరం ఉంచాలి. నీటి అంచున గట్టి రాతి పిట్టగోడ ఉండాలి. వదిలేసిన గుంటల్లో ఈతకి దిగి పిల్లలు పోయిన కబుర్లు విన్నప్పుడల్లా నా డ్రాయింగుకి ఆ పిట్టగోడ ఇంకాస్త పెరుగుతూ వచ్చింది.

వాస్తు గురించి అడిగేవాళ్ళుంటారు. నైరుతిలో గుంట పనికిరాదంటారు కదా అని. ఇంటికి చెప్పిన మాట అది. ఊరికి కోనేరు ఉంది, చెరువు ఉంది, దిగుడుబావి ఉంది. నీళ్ళున్న లోతును మన పెద్దలు ఎప్పుడూ అశుభం అనలేదు, దాని ఒడ్డున దీపాలు పెట్టారు.

నన్ను నిజంగా నిద్రపోనివ్వని ప్రశ్న వేరే ఉంది. దాన్ని అడిగింది నాయనే. డ్రాయింగులన్నీ పరిచి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "అంతా బానే ఉంది గానీ అబ్బయ్యా, రేపు ఇది చూసి, క్వారీ తవ్వినా ఏం కాదు, ఎనక అందంగా చేసుకోవచ్చు అనుకుంటారేమో జనం. పక్క చేలో దుమ్ము పడ్డోడి సంగతేంది? గుంటలో నీళ్ళు తోడతా ఉంటే బోరు ఎండినోడి సంగతేంది?"

దీనికి నేను గెలిచే జవాబు చెప్పలేను. గాయానికి నగ పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే డంపుల్ని పూర్తిగా పచ్చగా కప్పేయాలన్న ఆలోచన మానుకున్నాను. ఒక డంపును వేప, కానుగ వేసి పెరగనిస్తాను, రెండోదాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేస్తాను. ర్యాంపు దిగేవాళ్ళకి అటొకటి ఇటొకటి కనబడాలి. ఎంత తీస్తే ఎంత మిగిలిందో కంటితో చూడాలి. గోడ మీద రాతలు కూడా అవే ఉండాలి. ఎంత లోతు తవ్వారు, ఎన్నేళ్ళు తవ్వారు, చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు ఏ మట్టంలో ఉండేవి, ఇప్పుడు ఏ మట్టంలో ఉన్నాయి. అంకెలు రాతి మీద చెక్కితే దాచడం కష్టం.

పనివాళ్ళ పేర్లు చెక్కిద్దామని కూడా అన్నాను. మా జిల్లావాళ్ళే కాదు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉండి పనిచేసినవాళ్ళు ఎందరో ఉన్నారు. నాయన తల అడ్డంగా ఊపాడు. "పేర్లు ఎందుకురా. పైన ఎండలో చచ్చేవాళ్ళం. ఒక చలివేంద్రం పెట్టు. చల్లటి నీళ్ళు, కూర్చోను అరుగు. మా పేరు అదే."

అప్పటిదాకా నా డ్రాయింగులో చలివేంద్రం లేదు. ఇప్పుడు ర్యాంపు మొదటి మలుపులో, పందిరి కింద, నల్లరాతి అరుగు మీద నాలుగు మట్టి కుండలు ఉన్నాయి. పాలిష్ చేసిన రాయి మొత్తం కట్టడంలో అక్కడ ఒక్కచోటే ఉంది. నీళ్ళు తాగడానికి వంగినవాళ్ళు చెయ్యి ఆనించే అంచు అది.

ఏ ప్రభుత్వమూ, ఏ కమిటీ ఇంతవరకు ఈ పని అప్పగించలేదు. అయినా కొలతలు ఆపలేదు. నెలకోసారి ఒక గుంట అంచున నిలబడి నీళ్ళు ఏ బెంచీ దాకా ఉన్నాయో, గోడ నీడ ఎంత దూరం పడిందో నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మే 3న మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి, నీడ లేని ఆ నాలుగైదు నిమిషాల్లో, కింద అడుగున గుంజ పాతి చూడాలి. కాపలా మనిషిని అడిగితే దిగనిస్తానన్నాడు. నాయన తానూ వస్తానంటున్నాడు. ఆయన మోకాళ్ళకి ఆ ర్యాంపు కష్టం. ఆయన ఎన్నిసార్లు ఆగుతాడో, ఎక్కడ ఆగుతాడో అదీ రాసుకుంటాను. మలుపులు అక్కడ రావాలి.